ఫెడరల్ కోర్టుల్లో జడ్జీల కొరత: అమెరికాలోని తెలుగు ఓటర్లకు బహిరంగ లేఖ

అమెరికాలో ఓటు హక్కున్న తెలుగు అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు నమస్కారం.

మీలో డెమొక్రాట్లున్నారు, రిపబ్లికన్లున్నారు, ఏ పార్టీ జెండా పట్టనివాళ్ళూ ఉన్నారు. అందరికీ కలిపే ఈ ఉత్తరం రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. ఫెడరల్ జిల్లా కోర్టుల్లో జడ్జీల పోస్టులు పెంచే బిల్లు ఒకటుంది. 'జడ్జెస్ యాక్ట్' అంటారు. ఒకసారి రెండు సభలూ దాటి కూడా చట్టం కాలేకపోయింది. రెండోసారి మూలన పడకుండా మీ సెనెటర్లను, మీ ప్రతినిధిని పట్టుకుని అడగండి. కొత్త జడ్జీలను ఏ అధ్యక్షుడు నియమిస్తాడన్న లెక్క పక్కన పెట్టి అడగండి.

కోర్టుల గొడవ మనకెందుకు అనుకునేవాళ్ళు ఉంటారు. కోర్టు మెట్లెక్కడమంటే మన ఇళ్ళల్లో ఇప్పటికీ పరువుతక్కువే. కానీ గత పదేళ్ళలో ఈ దేశంలో మన బతుకుల్ని అటూ ఇటూ తిప్పిన తీర్పులు ఎక్కడినుంచి వచ్చాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి.

హెచ్‌1బీ ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చే హెచ్‌4 వీసా మీద ఉన్న ఆడవాళ్ళలో కొందరికి పని చేసుకునే అనుమతి 2015 మే 26న అమల్లోకి వచ్చింది. అంతకు నెల ముందే దాన్ని ఆపమంటూ వాషింగ్టన్ డీసీలోని ఫెడరల్ జిల్లా కోర్టులో కేసు పడింది. 2016లో జిల్లా కోర్టు ఆ కేసు కొట్టేసింది. 2019లో అప్పీలు కోర్టు దాన్ని మళ్ళీ కిందికి పంపింది. 2023 మార్చిలో జిల్లా కోర్టు రెండోసారి కొట్టేసింది. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది. 2025 అక్టోబరులో సుప్రీం కోర్టు ఆ కేసు వినబోమని చెప్పాక గానీ కథ ముగియలేదు. ఆ పదేళ్ళూ ఈఏడీ కార్డు (ఆ పని అనుమతి పత్రం) మీద ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు కొనాలా వద్దా, పిల్లల్ని కనాలా ఆగాలా అని తేల్చుకోలేక నలిగిన తెలుగు ఇల్లాళ్ళు ఎంతమందో మీకూ తెలుసు. ఆలస్యమంతా జడ్జీల కొరత వల్లేనని నేననను. 2017 తర్వాత ఆ నియమాన్నే ఎత్తేస్తామంటూ ప్రభుత్వం గడువు మీద గడువు అడిగింది. నేను చెప్పేదల్లా, మన ఇంటి నిర్ణయాల తాళంచెవి ఒక జిల్లా జడ్జి చేతిలో ఉందని. ఆ జడ్జికి తీరిక ఉందా లేదా అన్నది మనకు సంబంధించిన విషయమేనని.

ఇంకా దగ్గరి సంగతులు చూడండి. 2025 ఏప్రిల్‌లో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (వాళ్ళ చదువు, హోదా వివరాలు ప్రభుత్వం ఉంచుకునే లెక్క) ఉన్నట్టుండి రద్దయ్యాయి. ఎప్పుడో ఒక ట్రాఫిక్ కేసు ఉందనో, కొట్టేసిన ఒక పాత ఫిర్యాదు ఉందనో. వాళ్ళలో మన పిల్లలు చాలామంది. హైదరాబాదులో, గుంటూరులో, వరంగల్లులో తల్లిదండ్రులు నిద్రపోకుండా ఫోన్లు పట్టుకుని కూర్చున్న రోజులవి. దేశం నలుమూలలా ఫెడరల్ జడ్జీలు రోజుల వ్యవధిలో తాత్కాలిక ఉత్తర్వులిచ్చారు. ఆ ఉత్తర్వుల ఒత్తిడికే ఏప్రిల్ 25న ప్రభుత్వం ఆ రికార్డుల్ని తిరిగి పెడుతున్నట్టు కోర్టుకు చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటిస్తే, దాని మీద కేసులు పడిందీ జిల్లా కోర్టుల్లోనే. గ్రీన్‌కార్డు ఫైలు కారణం లేకుండా ఏళ్ళ తరబడి కదలకపోతే ఏదో ఒకటి తేల్చమని ఆఫీసును ఆదేశించాలంటూ లాయర్లు మాండమస్ కేసు వేసేదీ అక్కడే. పౌరసత్వం ఇంటర్వ్యూ అయి 120 రోజులు దాటినా ఏ సంగతీ తేల్చకపోతే చట్టం మనల్ని వెళ్ళమన్నదీ ఆ గుమ్మానికే.

2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు ఒకటి ఉంది. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకు ఇక్కడ పుట్టే బిడ్డలకు పౌరసత్వం లేదన్నది. హెచ్‌1బీ మీద ఉండి కడుపుతో ఉన్న ప్రతి తెలుగు అమ్మాయికీ అది పిడుగుపాటే. మూడో రోజున సియాటిల్‌లో ఒక జిల్లా జడ్జి దాన్ని ఆపేశారు. ఆయన పేరు జాన్ కఫెనౌర్. 1981లో రొనాల్డ్ రీగన్ నియమించిన మనిషి. అప్పటికే ఎనభై దాటిన వయసు, సీనియర్ హోదా. అంటే పూర్తి జీతంతో ఇంట్లో కూర్చోగలిగి ఉండి కూడా కోర్టుకు వచ్చి పనిచేస్తున్న జడ్జి. మీ పార్టీ ఏదైనా సరే, ఆయన ఉదాహరణను కాసేపు మనసులో ఉంచుకోండి. ఆయన గురించి మళ్ళీ చెబుతాను.

ఇక అసలు కొరత ఎంత అన్న మాట.

దేశంలో ఫెడరల్ జిల్లాలు 94. వాటన్నిటికీ కలిపి జిల్లా జడ్జీల పోస్టులు 677. ఈ సంఖ్యను పెద్ద ఎత్తున పెంచిన చివరి చట్టం 1990లో వచ్చింది. ఆ తర్వాత 2000 ప్రాంతాల్లో అక్కడక్కడా కొన్ని పోస్టులు కలిపారు. అంతే, ఆ తలుపు మూసుకుంది. 1990 జనాభా లెక్కల్లో ఈ దేశంలో 24.87 కోట్ల మంది. 2020 లెక్కల్లో 33.14 కోట్లు. మనలో ఎక్కువమంది ఈ దేశానికి వచ్చింది ఆ మధ్యలోనే. వైటూకే రోజుల నుంచి నిన్నటి మాస్టర్స్ బ్యాచ్ దాకా మనమంతా వచ్చి చేరాం. జడ్జీల బల్లలు మాత్రం దాదాపు అప్పటివే.

2023 మార్చి 31 నాటికి జిల్లా కోర్టుల్లో పెండింగులో ఉన్న కేసులు 6,86,797. ఒక్కో జడ్జి పోస్టుకు ఏడాదికి సగటున 491 కేసులు. ఇది కేసు బరువును బట్టి సవరించి వేసిన లెక్క. అంటే చిన్న కేసు తక్కువగా, పెద్ద కేసు ఎక్కువగా లెక్కకొస్తాయి. ఈ లెక్కలో 430 దాటితే ఆ కోర్టుకు కొత్త జడ్జి అవసరమా అని ఆలోచించాలని ఫెడరల్ కోర్టుల విధానాలు చూసే జడ్జీల సంస్థ జుడీషియల్ కాన్ఫరెన్స్ పెట్టుకున్న గీత. అమెరికా సగటే ఆ గీత దాటిపోయింది. ఇక మూడేళ్ళు దాటి తేలని సివిల్ కేసులు 2004 మార్చిలో 18,280 ఉంటే, 2024 మార్చికి 81,617 అయ్యాయి. ఇందులో పెద్ద వాటా ఒకే మందు మీదో, ఒకే పరికరం మీదో వేలమంది వేసిన కేసుల్ని ఒక జడ్జి దగ్గర కట్టగట్టినవని విమర్శకులు అంటారు. నిజమే. కానీ ఆ కట్టలు కూడా ఎవరో ఒక జడ్జి బల్ల మీదే ఉన్నాయి కదా. ఆయన మిగతా కేసులు ఎప్పుడు చదవాలి?

నేను ఉండేది ఫోల్సమ్‌లో. శాక్రమెంటో పక్కన. మాది కాలిఫోర్నియా తూర్పు జిల్లా. ఉత్తరాన ఒరెగాన్ సరిహద్దు నుంచి దక్షిణాన బేకర్స్‌ఫీల్డ్ దాటేదాకా 34 కౌంటీలు. ఇంత ప్రాంతానికి జిల్లా జడ్జీలు ఆరుగురు. ఆ ఆరు అన్న సంఖ్య 1978లో పెట్టింది. అప్పుడు ఇక్కడి జనాభా పాతిక లక్షల దగ్గర ఉండేది. ఇప్పుడు ఎనభై లక్షలు దాటింది. 1990లో తాత్కాలికంగా ఏడో జడ్జిని ఇచ్చారు. 2004లో ఆ పోస్టూ తీసేశారు. పైగా రాష్ట్రంలోని జైళ్ళలో చాలా భాగం ఈ జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి ఆ ఖైదీల పిటిషన్లు కూడా ఇక్కడికే వస్తాయి.

దీని ఫలితం ఏమిటో 2020 ఫిబ్రవరిలో దేశమంతా చూసింది. ఫ్రెస్నోలో ఒక జడ్జి బాధ్యతల నుంచి తప్పుకోవడంతో పూర్తికాలపు జిల్లా జడ్జిగా డేల్ డ్రాజ్డ్ ఒక్కరే మిగిలారు. ఈ అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం తన ముందున్న సివిల్ కేసులకు విచారణ తేదీలు ఇవ్వబోనని ఆయన ఉత్తర్వు జారీ చేశారు. ఒక ఫెడరల్ జడ్జి కాగితం మీద సంతకం పెట్టి మరీ చెప్పిన మాట అది. వ్యాపార తగాదా కావచ్చు, ఉద్యోగంలో వివక్ష కావచ్చు, పోలీసు దెబ్బలు కావచ్చు, ఇప్పట్లో మీ కేసు జ్యూరీ ముందుకు రాదని. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఒక మనిషి చేయగలిగినంతే చేస్తాడు.

సివిల్ కేసులే ఎందుకు ఆగుతాయో తెలిస్తే ఈ బిల్లు విలువ తెలుస్తుంది. క్రిమినల్ కేసులో నిందితుడికి త్వరగా విచారణ జరిపించుకునే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది. 1974 చట్టం ప్రకారం, మినహాయింపులు పోను, 70 రోజుల్లో విచారణ మొదలవ్వాలి. కాబట్టి జడ్జి ముందు ఆ కేసులు చూస్తాడు. ఆ తర్వాత అత్యవసర ఉత్తర్వులు. ఎవరినో రేపు విమానం ఎక్కించబోతున్నారంటే ఆ ఫైలు ఈ రోజే చదవాలి. 2025 రెండో సగం నుంచి నిర్బంధంలో ఉన్న వలసదారుల హెబియస్ కార్పస్ పిటిషన్లు (తమను పట్టి ఉంచడం చట్టబద్ధం కాదంటూ వేసేవి) వేల సంఖ్యలో వచ్చి పడుతున్నాయి. అవీ ఆగేవి కావు. 2025 జూన్ 27న సుప్రీం కోర్టు, ఒక జిల్లా జడ్జి ఇచ్చే ఉత్తర్వు మామూలుగా తన ముందున్న కక్షిదారుల వరకే వర్తించాలని చెప్పాక, ఒకచోట తేలే విషయానికి నాలుగు చోట్ల కేసులు వేయాల్సి వస్తోంది. ఇవన్నీ అయ్యాక మిగిలిన సమయం సివిల్ కేసులది. మిగలకపోతే లేదు.

ఈ వరసలో అడుగున ఎవరుంటారు? జీతం ఎగ్గొట్టిన కన్సల్టెన్సీ మీద కేసు వేసిన కుర్రాడు ఉంటాడు. హెచ్‌1బీ ఉద్యోగం పోతే కొత్త ఎంప్లాయరును వెతుక్కోడానికి వాడికి ఉండేది మహా అయితే 60 రోజులు. కేసు విచారణకు వచ్చేది రెండేళ్ళకో మూడేళ్ళకో. ఆ లోపు వాడు ఇక్కడ ఉంటాడో, సామాను సర్దుకుని విజయవాడ వెళ్ళిపోతాడో. అవతలి పక్షానికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే రావాల్సిన దాంట్లో పావు వంతు చూపించి సంతకం పెట్టమంటుంది. 405 డాలర్లు కట్టి కేసు వేసినవాడికి న్యాయం అందుబాటులో ఉన్నట్టే కనిపిస్తుంది. తేదీ అందుబాటులో లేదు. నాకు తెలిసిన ఒకాయన సరిగ్గా ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టాడు. లాయరు ఆయనకు చెప్పిన మాట, "మీ కేసు బాగుంది సార్, మీ వీసానే బాగాలేదు" అని. ఆ మాట విన్నప్పటి నుంచీ ఈ ఉత్తరం రాయాలని ఉంది.

ఆలస్యం డబ్బున్నవాడికి ఎప్పుడూ చుట్టమే. ఈ మాట ఒంగోలు మున్సిఫ్ కోర్టులో వాయిదాలకు తిరిగిన మన తాతలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ దేశంలో అలా ఉండదనుకుని వచ్చినవాళ్ళం మనం.

మరి ఇన్నాళ్ళూ బండి ఎలా నడిచిందంటే, ముసలివాళ్ళ భుజాల మీద. 65 ఏళ్ళు వచ్చి 15 ఏళ్ళ సర్వీసున్న జడ్జి సీనియర్ హోదా తీసుకోవచ్చు. పని తగ్గించుకోవచ్చు, మానేయనూ వచ్చు. అయినా ఫెడరల్ కోర్టుల పనిలో ఐదో వంతు వాళ్ళే చేస్తున్నారు. ఇంకా మెజిస్ట్రేట్ జడ్జీలున్నారు. ఎనిమిదేళ్ళ పదవీకాలం వాళ్ళది. రెండు పక్షాలూ ఒప్పుకుంటే సివిల్ కేసు మొత్తం వినగలరు. పెద్ద నేరాల్లో శిక్ష మాత్రం వెయ్యలేరు. వీళ్ళందరి మీదా నాకు గౌరవం ఉంది. కానీ ఎనభై దాటిన మనిషి ఓపిక మీద ఒక దేశపు న్యాయవ్యవస్థను ఎంతకాలం నడుపుతాం?

బిల్లు సంగతికి వస్తాను. డెలావేర్ డెమొక్రాట్ క్రిస్ కూన్స్, ఇండియానా రిపబ్లికన్ టాడ్ యంగ్ కలిసి సెనేట్‌లో తెచ్చారు. మొత్తం 63 శాశ్వత పోస్టులు, ఓక్లహోమాకు మూడు తాత్కాలిక పోస్టులు. 2020లో సుప్రీం కోర్టు మెక్‌గర్ట్ తీర్పుతో తూర్పు ఓక్లహోమాలో పెద్ద భాగం ఇంకా ఆదివాసీ రిజర్వేషనే అని తేలింది. అక్కడి ఆదివాసులకు సంబంధించిన పెద్ద నేరాల కేసులన్నీ ఒక్కసారిగా ఫెడరల్ కోర్టుల మీద పడ్డాయి. ఆ మూడు పోస్టులు అందుకు. మిగతా 63 ఒక్కసారే ఇవ్వరు. 2024 నాటి బిల్లులో 2025 నుంచి 2035 దాకా రెండేళ్ళకోసారి పదో పదకొండో చొప్పున ఇవ్వాలని ఉంది. కాలిఫోర్నియా, టెక్సాస్, ఫ్లోరిడా, న్యూజెర్సీ, డెలావేర్ లాంటి రాష్ట్రాలకు అందులో వాటా ఉంది. ఎడిసన్‌లో, ఫ్రిస్కోలో, హ్యూస్టన్‌లో, ఫ్రీమాంట్‌లో ఉన్న తెలుగువాళ్ళు గమనించాలి. మన ఊళ్ళు ఉన్న జిల్లాలివి.

అన్ని విడతలు పెట్టడం వెనక మంచి ఆలోచన ఉంది. పదేళ్ళలో ముగ్గురు అధ్యక్షులు రావచ్చు. ఎవరికెన్ని దక్కుతాయో ముందుగా ఎవరికీ తెలియదు. 2024 ఆగస్టు 1న సెనేట్ ఒక్క అభ్యంతరమూ లేకుండా ఆమోదించింది. నవంబరు ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే ఈ ఒప్పందానికి పునాది.

తర్వాత రెండు పార్టీలూ కలిసి ఆ పునాదిని తవ్వేశాయి. రిపబ్లికన్ల చేతిలో ఉన్న ప్రతినిధుల సభ ఆగస్టులో, సెప్టెంబరులో బిల్లు ఎత్తలేదు. ఎన్నికల ఫలితం తెలిశాక, డిసెంబరు 12న, 236–173 ఓట్లతో ఆమోదించింది. మొదటి రెండు విడతలు తమ అధ్యక్షుడికే వస్తాయని తెలిశాక అన్నమాట. అది తప్పు. డిసెంబరు 23న అధ్యక్షుడు బైడెన్ వీటో చేశారు. సభ హడావిడిగా చేసిందన్నారు, పోస్టుల పంపకంలో తేలని ప్రశ్నలున్నాయన్నారు. ఉన్న ఖాళీలను నింపనివ్వని సెనెటర్ల రాష్ట్రాలకు కొత్త పోస్టులేమిటన్నారు. ఆ ప్రశ్నల్లో నిజం ఉండొచ్చు. కానీ అవే ప్రశ్నలు ఆగస్టులో ఆయన పార్టీ సెనెటర్లలో ఒక్కరికీ రాలేదు. అదీ తప్పే. 2025లో ప్రతినిధుల సభలో డారెల్ ఈసా మళ్ళీ బిల్లు పెట్టారు. ఈ ఉత్తరం రాసేనాటికి అది చట్టం కాలేదు.

డెమొక్రాట్ మిత్రులారా, మీరు నాతో అనే మాట నాకు తెలుసు. "ఇప్పుడు పోస్టులిస్తే ఎవరిని వేస్తారో చూస్తున్నావు కదా" అంటారు. ఆ భయం తీసిపారేసేది కాదు. జీవితకాలపు పదవి అది. కానీ చరిత్ర చూడండి. 1984లో రీగన్‌కు కొత్త జడ్జీ పోస్టులు ఇచ్చినప్పుడు ప్రతినిధుల సభ డెమొక్రాట్లదే. 1990లో పెద్ద బుష్‌కు ఇచ్చినప్పుడు రెండు సభలూ వాళ్ళవే. అప్పుడు ఆ పోస్టులు ఇవ్వకపోయి ఉంటే ఇప్పుడు కోర్టులు ఎక్కడుండేవి? ఇందాక చెప్పిన కఫెనౌర్‌ను మళ్ళీ తలుచుకోండి. ఆయన్ని నియమించింది రిపబ్లికన్. మన పిల్లల పౌరసత్వాన్ని నిలబెట్టిన మొదటి ఉత్తర్వు ఆయనది. ప్రతి జడ్జీ అలా ఉంటాడని హామీ లేదు. కానీ జడ్జే లేని కోర్టులో ఏ పార్టీవాడికీ ఉత్తర్వు దొరకదు.

రిపబ్లికన్ మిత్రులకూ ఒక మాట. 2024 శరదృతువులో మీ నాయకులు ఎన్నికలకు ఒక్క వారం ముందైనా ఓటింగు పెట్టి ఉంటే ఈ బిల్లు ఇప్పటికి చట్టమయ్యేది. పదకొండుమంది కొత్త జడ్జీలకు దారి తెరుచుకునేది. అది వాళ్ళకు గుర్తుచేసే అర్హత మీకే ఉంది. వేరేవాళ్ళు చెబితే వినరు.

ముందు ఖాళీలు నింపమనండి, తర్వాత కొత్తవి అడుగుదురుగాని అనేవాళ్ళున్నారు. జిల్లా జడ్జి నియామకానికి ఆ రాష్ట్రపు సెనెటర్లు ఇద్దరూ నీలం చీటీ తిరిగి పంపితేగాని కమిటీ ముందుకు కదలని ఆచారం ఒకటి సెనేట్‌లో ఉంది. దానివల్ల కొన్ని కుర్చీలు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్న మాట నిజం. దాన్నీ సరిచేయాల్సిందే. కానీ పోస్టు మంజూరు వేరు, భర్తీ వేరు అని మనకు ఒకరు చెప్పాలా? 2021లో జస్టిస్ ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా తెలంగాణ హైకోర్టు జడ్జీల సంఖ్య 24 నుంచి 42కు పెరిగింది. ఆ కుర్చీలన్నీ మర్నాడే నిండలేదు. కానీ 42 అన్న సంఖ్య కాగితం మీద ఉంది కాబట్టే నింపమని లాయర్లు, పౌరులు అడగగలుగుతున్నారు. సంఖ్యే లేకపోతే అడగడానికి ఆధారం కూడా ఉండదు.

కేసులే తగ్గించవచ్చు కదా అన్న వాదన కూడా ఉంది. అది నాకు కొంత నచ్చుతుంది. వేర్వేరు రాష్ట్రాల మనుషుల మధ్య తగాదా 75,000 డాలర్లు దాటితే ఫెడరల్ కోర్టుకు వెళ్ళవచ్చన్న హద్దు 1996లో పెట్టింది. ధరలు ఎంత పెరిగినా దాన్ని కదపలేదు. పెంచితే కొంత భారం రాష్ట్ర కోర్టులకు పోతుంది. పెంచమనండి, మంచిదే. మాండమస్ కేసులు, ఖైదీల పిటిషన్లు, క్రిమినల్ కేసులు మాత్రం దానివల్ల ఒక్కటీ తగ్గవు.

నమ్మకం ఇంతగా చెడ్డాక బిల్లు ఎలా పాసవుతుందన్నది అసలు చిక్కు. నాకు తోచింది చెబుతాను. ఇప్పుడే చట్టం చేసి, మొదటి విడత 2029 జనవరి తర్వాత మొదలుపెట్టమనండి. అప్పుడు వైట్‌హౌస్‌లో ఎవరుంటారో ఇవాళ ఎవరికీ తెలియదు. 2024 ఆగస్టులో సెనేట్‌కు దొరికిన ఆ నిష్పక్షపాతం మళ్ళీ దొరుకుతుంది. ఇది నాకు ఇష్టమైన దారి కాదు. మా జిల్లా అప్పటిదాకా ఆరుగురితోనే నెట్టుకురావాలని చెప్పడానికి మనసు ఒప్పుకోవడం లేదు. మా జిల్లా లాంటివాటికి రెండు పార్టీలూ ఒప్పుకున్న కొద్ది పోస్టులైనా ముందే ఇస్తే ఇంకా మేలు. కానీ 1990 నుంచి ఎదురుచూస్తున్నాం. అధ్యక్షుడూ రెండు సభలూ మన పార్టీ చేతికే వచ్చేదాకా ఆగుదామని ఇద్దరూ అనుకుంటూ పోతే 2060 కూడా వచ్చేస్తుంది.

ఈ పనిలో తెలుగువాళ్ళ మాటకు బలం ఎక్కడుందో చూడండి. 2025లో మొదలైన కాంగ్రెస్‌లో ఇలాంటి బిల్లులు ముందుగా చూసే సెనేట్ జుడీషియరీ కమిటీలో మా కాలిఫోర్నియా సెనెటర్లు ఇద్దరూ ఉన్నారు, అలెక్స్ పడియా, ఆడమ్ షిఫ్. టెక్సాస్ నుంచి జాన్ కోర్నిన్, టెడ్ క్రూజ్ ఇద్దరూ ఉన్నారు. న్యూజెర్సీ నుంచి కోరీ బుకర్, డెలావేర్ నుంచి కూన్స్. మనవాళ్ళు గుంపుగా ఉండే రాష్ట్రాలే ఇవి. తానా, ఆటా, నాట్స్ పెద్దలకు కూడా నా విన్నపం. మహాసభలకు కాంగ్రెస్ సభ్యుల్ని పిలిచి శాలువా కప్పి, ఫొటో దిగి పంపిస్తున్నాం. ఈసారి ఆ వేదిక మీదే ఒక ప్రశ్న అడగండి. మా జిల్లా కోర్టుకు కొత్త జడ్జిని ఇచ్చే బిల్లుకు మీరు ఓటేస్తారా, వేయరా? జవాబు అందరూ వినేలా మైకులో చెప్పించండి. మన డెమొక్రాట్ పెద్దలు, రిపబ్లికన్ పెద్దలు కలిసి ఒకే ఉత్తరం మీద సంతకం పెట్టి పంపితే దాని విలువే వేరు. ఇద్దరి సంతకాలూ పక్కపక్కనే ఉన్న ఉత్తరాలు వాషింగ్టన్‌కు ఈ మధ్య ఎక్కువ వెళ్ళడం లేదు.

ఇంకా ఓటు హక్కు రానివాళ్ళు, గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాళ్ళు ఈ ఉత్తరం చదివితే, ఓటున్న మీ అన్నకో, అత్తకో, మేనేజరుకో పంపండి. ఎక్కువ నష్టపోతున్నది మీరు. అడగగలిగేది వాళ్ళు.

కాపిటల్ స్విచ్‌బోర్డు నంబరు 202-224-3121. మీ సెనెటర్ పేరు చెబితే ఆ ఆఫీసుకు కలుపుతారు. ఫోనెత్తేది ఎక్కువగా కాలేజీ వయసు పిల్లలే, మొహమాటపడక్కర్లేదు. మీ పేరు, జిప్ కోడ్ చెప్పండి. జడ్జెస్ యాక్ట్‌కు మద్దతివ్వమని, మొదటి విడత ఎప్పుడు మొదలవ్వాలన్న దగ్గర పట్టుబట్టి బిల్లును చంపవద్దని చెప్పండి. మీకో మీవాళ్ళకో ఫెడరల్ కోర్టులో కేసు ఏళ్ళ తరబడి ఆగి ఉంటే, ఏ జిల్లాలో ఎన్నేళ్ళుగా ఆగిందో కూడా చెప్పండి. వాళ్ళు అది రాసుకుంటారు.

ఫోల్సమ్, కాలిఫోర్నియా నుంచి
మీ తోటి తెలుగు ఓటరు